రాగి రేకు, తాటాకు, రాతి మెట్టు
అహోబిలం చుట్టూ పుట్టిన పుస్తకాలు ఎలా బతికాయి?

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా మన ప్రాంతపు పాత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంచిక సంపాదకులు అడిగారు. నేను వృత్తిరీత్యా ఇంజినీరుని. కట్టిన పని ఎన్నేళ్ళు నిలుస్తుంది, ఏ చోట ముందుగా దెబ్బతింటుంది, దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి అన్నవి మా పనిలో రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. అవే ప్రశ్నలు మన సీమలో పుట్టిన కావ్యాలను, కీర్తనలను, మఠాలను అడిగితే ఏం జవాబు వస్తుందో చూద్దామని ఈ ప్రయత్నం. మనకు చరిత్ర, తెలుగు చెప్పిన గురువులు ఈ సంచిక చదువుతారని తెలుసు కాబట్టి జాగ్రత్తగానే రాస్తున్నాను.

ముందుగా రాయి సంగతి. మన పాత కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దివి. పద్నాలుగు పెద్ద శాసనాలు, చిన్న శిలాశాసనాలు ఒకేచోట దొరికే అరుదైన తావుల్లో అదొకటి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, ఎద్దులు మడక దున్నుతూ మళ్ళినట్లు సాగుతాయి. 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు చూసి చెప్పేదాకా అక్కడ అశోకుడి మాట ఉందని పండిత లోకానికి తెలియదు. రెండు వేల ఏళ్ళకు పైగా ఆ బండ ఎండకు, వానకు ఓర్చుకుంది. కానీ దాన్ని చదవగల మనిషి మధ్యలో లేకుండా పోయాడు. రాయి నిలవడం ఒకటి, రాత బతకడం మరొకటి అని మొదటి పాఠం అక్కడే ఉంది.

కడప వైపు పోతే నందలూరు దగ్గర ఆడపూరులో బౌద్ధుల స్తూపాల, విహారాల ఆనవాళ్ళు ఉన్నాయి. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో జైనుల బసది ఉండేది. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడి కాలం, అంటే పదో శతాబ్ది మొదటి భాగం నాటి శాసనాలు అక్కడ దొరికాయి. పెన్న ఇసుక మేటలు వేసి ఆ బసదిని కప్పేసింది. 1903లో తవ్వితే గాని బయటపడలేదు. ఆ బౌద్ధ భిక్షువులు, జైన మునులు అక్కడ ఏం చదివారో, ఏం రాశారో చెప్పే ఆకు ఒక్కటీ మన దాకా రాలేదు. గోడలు దొరికాయి, గ్రంథాలు దొరకలేదు. మునులు వెళ్ళిపోయాక ఆకులను తిరిగి రాసే చేయి లేకపోయింది.

ఇక అహోబిలం. నల్లమల అంచున, భవనాశని ఒడ్డున, దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి సుమారు ఎనిమిది కిలోమీటర్లు. బలం చూసి ‘అహో బలం’ అన్నారని ఒకరు, బిలం చూసి ‘అహో బిలం’ అన్నారని ఒకరు చెబుతారు. రెండు పేర్లూ సాహిత్యంలో ఉన్నాయి. తిరుమంగై ఆళ్వారు ఈ కొండ మీద తమిళంలో పది పాశురాలు చెప్పాడు. ఆ పాశురాల్లో మన నేల ఉన్నదున్నట్లు కనిపిస్తుంది: వడగాడ్పు, ఎండిన వెదురు, బోయల అలికిడి, దేవతలకు తప్ప మనుషులకు చేరరాని దారి. పన్నెండు వందల ఏళ్ళ కిందటి మాట అది. మే నెలలో జ్వాలా నరసింహుడి దగ్గరికి ఎక్కినవారెవరైనా ఆళ్వారు చెప్పింది అతిశయోక్తి కాదనే అంటారు.

ఆ చేరరాని దారికి పద్నాలుగో శతాబ్దిలో మెట్లు కట్టించినవాడు ప్రోలయ వేమారెడ్డి. అద్దంకి రాజధానిగా ఏలిన రాజు. శ్రీశైలానికి, అహోబిలానికి ఆయన సోపానాలు కట్టించిన సంగతి రెడ్డిరాజుల శాసనాలు గొప్పగా చెప్పుకుంటాయి. ఆయన ఆస్థాన కవి ఎర్రాప్రగడ. మహాభారతంలో అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రన, తన హరివంశాన్ని వేమారెడ్డికి అంకితమిచ్చాడు. నృసింహపురాణాన్ని మాత్రం అహోబల నరసింహుడికే ఇచ్చాడు. ఒకే కాలంలో, ఒకే ఆస్థానం నుంచి ఒకే కొండకు రెండు కానుకలు వచ్చాయన్నమాట. రాజు మెట్లు ఇచ్చాడు, కవి పురాణం ఇచ్చాడు. మెట్లు అరిగాయి, తర్వాతి వాళ్ళు మరమ్మతు చేశారు, ఇప్పుడు ఎగువకు బస్సు పోతోంది. నృసింహపురాణం మాత్రం ఆరు వందల ఏళ్ళకు పైగా చేతి నుంచి చేతికి, ఆకు నుంచి ఆకుకు మారి అచ్చులోకి వచ్చి నిలిచింది. దానికి కావలసింది కూడా మరమ్మతే. తాటాకు విషయంలో మరమ్మతు అంటే మళ్ళీ రాయడం.

పద్నాలుగో శతాబ్ది ముగిసే వేళ ఇక్కడ మఠం వెలిసింది. మేల్కోట నుంచి వచ్చిన శ్రీనివాసాచార్యులు అనే యువకుడు సన్యసించి ఆదివణ్ శఠగోప యతి అయ్యాడని, ఆయనే మొదటి జీయరని మఠ సంప్రదాయం. మాలోల నరసింహుడి ఉత్సవమూర్తి ఆయనకు దక్కిందని, ఆ మూర్తిని వెంట పెట్టుకుని ఊరూరా తిరగమని ఆజ్ఞ అయిందని చెబుతారు. నాటి నుంచి జీయర్లు ఆ మూర్తితో సంచారం చేస్తూనే ఉన్నారు. ఇప్పటి జీయరు 46వ వారు. మఠం పనుల్లో ఎక్కువ భాగం ఇవాళ తమిళనాడులో జరుగుతున్నా పేరు మాత్రం మన కొండదే. ఈ మఠం నుంచి గ్రంథాలూ వచ్చాయి. ఏడో జీయరు రాసిన వాసంతికా పరిణయం అనే సంస్కృత నాటకంలో నరసింహస్వామి చెంచు పిల్లను పెళ్ళాడతాడు. చెంచుగూడేల్లో పాడుకునే కథ పీఠాధిపతి నాటకమైంది. సంక్రాంతి వెళ్ళాక కనుమ నాడు మొదలై, స్వామి పల్లకి ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగే పారువేట ఉత్సవం ఆ చుట్టరికాన్ని నేటికీ గుర్తు చేస్తుంది. మన సహపాఠుల్లో చాలామంది ఆ ఊళ్ళ వాళ్ళే.

ఈ మొదటి జీయరు దగ్గరే అన్నమయ్య వేదాంతం చదివాడని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రం చెబుతోంది. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో 1408లో పుట్టి, తిరుమలలో స్వామిని పాడి, అహోబిలంలో చదువుకున్నాడు. తిరుమల వేంకటేశ్వరుడి తర్వాత ఆయన ఎక్కువగా పాడిన దేవుళ్ళలో అహోబలేశుడు ఒకడు.

అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడని కుటుంబ చరిత్ర అంటుంది. ఇవాళ మనకు దొరుకుతున్నవి పద్నాలుగు వేల లోపే. అంటే సగానికి పైగా పోయాయి. ఆ మిగిలినవైనా ఎలా మిగిలాయి? కొడుకు పెద తిరుమలాచార్యుడు, మనుమడు చిన తిరుమలాచార్యుడు పదహారో శతాబ్దిలో వాటిని రాగి రేకుల మీద చెక్కించారు. రెండు వేలకు పైబడిన రేకులు. ఆధ్యాత్మ సంకీర్తనలు వేరుగా, శృంగార సంకీర్తనలు వేరుగా అమర్చి, తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా ఒక చిన్న రాతి గదిలో భద్రపరిచారు. దాన్నే సంకీర్తన భాండారం అన్నారు. మొదటి రేకు మీదనే శక సంవత్సరాలు ఉన్నాయి: క్రోధి సంవత్సరంలో, అంటే 1424లో, పదహారో ఏట స్వామి సాక్షాత్కారం నుంచి, 1503లో దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా. తెలుగు కవుల కాలం కోసం పండితులు తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఈ ఒక్క కుటుంబం మాత్రం తేదీ వేసి మరీ దాచింది.

ఇంజినీరుగా నాకు ఈ పని చూస్తే ముచ్చటేస్తుంది. ఆకుకు చెద ఉంది, తేమ ఉంది, నిప్పు ఉంది. రాగికి ఇవేవీ పెద్ద లెక్క కాదు. దానికున్న భయం ఒక్కటే, అమ్మితే డబ్బు వస్తుంది కాబట్టి కరిగించుకుంటారు. అందుకే గుడిలో, దేవుడి సొమ్ముగా పెట్టారు. అయినా రాగి అన్నిటినీ దాచలేకపోయింది. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు, కానీ స్వరం చెక్కలేదు. పాడేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఆ అవసరం వారికి తోచి ఉండదు. పాడే పరంపర తెగిపోయాక మాట మిగిలింది, వరుస పోయింది. ఈనాడు మనం వింటున్న వరుసల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దిలో కట్టినవే. ఆ పనికి తొలి రోజుల్లో పూనుకున్న పెద్దల్లో మన అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు ముఖ్యులు. ఇంకో పోగొట్టుకున్న వస్తువు కూడా ఉంది. పదాలు ఎలా కట్టాలో చెబుతూ అన్నమయ్య సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణం దొరకలేదు. మనుమడు దాన్ని తెలుగులో చెప్పాడు కాబట్టి అందులో ఏముందో తెలుస్తోంది. మూలం పోయి నకలు మిగలడం పుస్తకాల లోకంలో మామూలే. నకలు చేసినవాడు లేకపోతే ఆ నీడ కూడా ఉండదు.

ఈ రేకుల గదికి చాలా కాలం ఎవరూ రాలేదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన క్యాంప్‌బెల్ దొర, తిరుపతిలో రాగి రేకుల మీద పాత వ్యాకరణం ఒకటి ఉందని విని వెతికించాడు. దేవుడి మీద స్తోత్రాలు తప్ప మరేమీ లేవని తేల్చి వదిలేశాడు. వెతికింది వ్యాకరణం, చేతిలో ఉన్నది అన్నమయ్య! మరో నూరేళ్ళు గడిచాక, 1920ల నుంచి సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, ఇంకా ఎందరో పండితులు ఆ రేకులను చదివి, ఎత్తి రాసి, అచ్చు వేయించారు.

ఇలాంటి కథే భూగోళం అవతలి కొసన ఐర్లండులో నడిచింది. అక్కడ ఆరో శతాబ్ది నుంచి క్రైస్తవ సన్యాసులు చేరరాని చోట్లు వెతుక్కుని మఠాలు కట్టారు. స్కెలిగ్ మైకేల్ అనే దీవి సముద్రంలోంచి లేచిన ఒట్టి రాతి కొండ. పైన మఠానికి ఆరు వందల దాకా రాతి మెట్లు. అహోబిలం చూసిన కళ్ళకు అది కొత్తగా అనిపించదు. వారిది తాటాకు లేని దేశం, కాబట్టి దూడ చర్మాన్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి, గీకి, సాగదీసి దాని మీద రాశారు. 800 ప్రాంతంలో తయారైన కెల్స్ గ్రంథానికి నూటయాభైకి పైగా దూడల చర్మం పట్టిందని అంచనా. ఓడల మీద వచ్చే వైకింగులు అయోనా దీవి మఠాన్ని పదే పదే కొట్టేస్తుంటే, అక్కడి సన్యాసులు 807లో కెల్స్‌లో కొత్త మఠం పెట్టుకున్నారు. 1007లో ఆ గ్రంథాన్ని ఎవరో దొంగిలించారు. రెండు నెలలు దాటాక మట్టిపెళ్ళ కింద దొరికింది. బంగారు తొడుగు మాత్రం లేదు. దొంగకు కావలసింది తొడుగే, అక్షరం కాదు. అక్షరానికి అదే రక్ష అయింది.

అక్కడి కవులు మన తాళ్ళపాక వారిలా వంశపారంపర్య విద్వాంసులు. పన్నెండేళ్ళు చదువు. చీకటి గదిలో పడుకుని మనసులోనే పద్యం కట్టి, దీపం వచ్చాకే రాసేవారట. కానీ వారి బతుకు రాజును పొగడడం మీద ఆధారపడింది. 1607లో గేలిక్ ప్రభువులు దేశం విడిచి వెళ్ళాక ఆ కవుల వ్యవస్థ కూలిపోయింది. ఉన్నదంతా పోతుందన్న భయంతో 1632 నుంచి 1636 దాకా నలుగురు పండితులు కూర్చుని, దొరికిన పాత ప్రతులన్నీ చూసి దేశ చరిత్రను ఏడాది వారీగా ఎత్తి రాశారు. ఇవాళ ఆ పాత ప్రతుల్లో కొన్ని లేవు. వాళ్ళు రాసిన నకలే ఆధారం.

అయోనా, కెల్స్‌లలో జరిగినదానికి అహోబిలంలోనూ జోడు ఉంది. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర కాలంలో, 1515 ప్రాంతంలో ఇక్కడికి వచ్చి హారం, వజ్రాల పతకం, కెంపుల కడియాలు, బంగారు పళ్ళెం, వెయ్యి వరహాలు సమర్పించినట్లు శాసనం ఉంది. 1579లో గోలకొండ సేనాని మురహరిరావు దండెత్తి వచ్చి రత్నాలు పొదిగిన విగ్రహంతో సహా సంపదను దోచుకుపోయాడు. హండె నాయకుల తోడ్పాటుతో గోలకొండ వారు అయిదారేళ్ళు ఈ చోటును పట్టుకున్నారు. జీయరు వెళ్ళి విజయనగర రాజు శ్రీరంగరాయలతో మొరపెట్టుకుంటే, కొండ్రాజు వేంకటరాజు వచ్చి విడిపించాడు. ఆ కథంతా గుడిలోనే శాసనంగా ఉంది. ఆ సేనను పంపిన ఇబ్రహీం కుతుబ్ షా ఎవరు? మన కవులు ‘మల్కిభరాముడు’ అని మెచ్చుకున్న తెలుగు పోషకుడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితం పుచ్చుకున్నవాడు. దోచినవాడు మురహరి, పద్యం విన్నవాడు ఇబ్రహీం. ఆనాటి యుద్ధాలను ఈనాటి పార్టీల లెక్కలో చదివితే ఇలాంటి చోట తప్పక తికమకపడతాం.

సొమ్ము పోయింది, మళ్ళీ వచ్చింది. పుస్తకాల సంగతి వేరు. వాటిని దండు కన్నా నిర్లక్ష్యం ఎక్కువగా తిన్నది. తాటాకును కోసి, ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నునుపు చేసి, గంటంతో గీసి, మసి పూసి తుడిస్తే అక్షరం తేలుతుంది. రెండు చెక్క పలకల మధ్య పెట్టి, రంధ్రం గుండా తాడు దూర్చి కడితే పుస్తకం. నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి నన్ను కాపాడండి, మూర్ఖుడి చేతికి ఇవ్వకండి అని పుస్తకమే మొరపెట్టుకున్నట్లు చివర రాసే అలవాటు మన లేఖకులకు ఉంది. ఐర్లండు లేఖకులూ అంచుల్లో చలి గురించి, మంచిగా లేని సిరా గురించి, నొప్పెడుతున్న చేతి గురించి రాసుకున్నారు. ఎంత జాగ్రత్తపడ్డా ఆకుకు ఆయుష్షు కొన్ని వందల ఏళ్ళే. తరానికొకరు కాకపోయినా మూడు నాలుగు తరాలకొకరైనా తిరిగి రాయాలి. అచ్చు యంత్రం వచ్చాక ఆ చేయి ఆగిపోయింది. అచ్చుకు ఎక్కినవి బతికాయి, ఎక్కనివి అటకల మీదే ఉండిపోయాయి.

పందొమ్మిదో శతాబ్ది మొదట్లో ఇద్దరు పరాయి వాళ్ళు ఈ ప్రమాదాన్ని గుర్తించారు. ఒకరు సర్వేయరు కర్నల్ మెకంజీ. గొలుసులతో భూమి కొలుస్తూ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరి కైఫీయత్తులు రాయించాడు. ఐర్లండులో కూడా 1830లలో పటాలు గీసే సర్వే శాఖలోనే జాన్ ఓడనోవన్ అనే పండితుడు ఊళ్ళ పేర్లు, పాత కథలు సేకరించాడు. చరిత్ర కొలబద్ద పట్టిన వారికి కూడా పనికొస్తుందని ఈ ఇద్దరూ నాకు ధైర్యం. రెండోవారు సి.పి. బ్రౌన్. 1820లో కడపకు వచ్చి, తర్వాత అక్కడే బంగళా కొని, సొంత జీతం నుంచి పండితులను పోషించి, ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పాఠాలు సరిపోల్చి శుద్ధప్రతులు రాయించాడు. వారి సేకరణలు ఇవాళ చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. బ్రౌన్ బంగళా ఉన్న చోట కడపలో ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల ఫలమది.

పైన చెప్పిన వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన లెక్క ఇది. ఎర్రగుడి రాయి నిలిచింది, చదివేవాడు పోయాడు. దానవులపాడు గోడ నిలిచింది, పుస్తకం పోయింది. తిరుమల రాగి నిలిచింది, వరుస పోయింది. ఎర్రన కావ్యం ఏ గట్టి వస్తువు మీదా లేకపోయినా నిలిచింది, ఎందుకంటే ఒకటికి పది చోట్ల, పది చేతుల్లో ఉంది. వస్తువు గట్టిదనం కన్నా ప్రతుల సంఖ్య, చదివే మనుషుల సంఖ్య ముఖ్యం. మా కంప్యూటరు మిత్రులు ‘బ్యాకప్’ అని చెప్పేది ఇదే, మన లేఖకులు దాన్ని ఏ కరెంటూ లేకుండా చేశారు.

ఇప్పుడు మన సంగతి. అహోబిలం, ఆళ్ళగడ్డ, రుద్రవరం, బనగానపల్లె చుట్టుపక్కల ఇళ్ళల్లో తాటాకు కట్టలు ఇంకా ఉన్నాయి. బనగానపల్లెలో వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం ఆకులను పాతిపెట్టారని చెప్పే చింతమానును అందరం దండం పెట్టుకుని చూస్తాం, మన అటక మీది కట్టను మాత్రం దించి చూడం. పాత ఇల్లు పడగొట్టినప్పుడు ఆ కట్టలు చెత్తలో పోతాయి, లేదా పుణ్యమని నదిలో కలుపుతారు. వాటిలో చాలా భాగం అచ్చయిన రామాయణమో, వైద్యమో, జాతకమో అయి ఉండవచ్చు. ఒక్కదాంట్లో ఎవరికీ తెలియని స్థానిక కవి ఉన్నా, ఒక ఊరి చెరువు తవ్వకం లెక్క ఉన్నా, అది పోతే మరో ప్రతి ఉండకపోవచ్చు.

అందుకని సంఘం ముందు ఒక పని పెడుతున్నాను. వచ్చే పారువేట రోజుల్లో స్వామి పల్లకి తిరిగే ఊళ్ళల్లో మన వాళ్ళు ఊరికి ఇద్దరు చొప్పున నిలబడి, ఇంటింటా తాటాకు కట్టలు, పాత చేతిరాత పుస్తకాలు ఉన్నాయేమో విచారించాలి. కట్టను అడగవద్దు, ఇల్లుగలవారి దగ్గరే ఉండనివ్వండి. తాడు విప్పేముందు ఆకుల వరుస గుర్తుపెట్టుకుని, మంచి వెలుతురులో, పక్కన ఒక స్కేలు పెట్టి, ప్రతి ఆకుకు రెండు వైపులా ఫోనుతో ఫోటో తీయాలి. సొంతంగా నూనెలు పూయవద్దు, విరిగిన ఆకును అతికించవద్దు. ఎవరి ఇల్లు, ఏ ఊరు, ఎన్ని ఆకులు అని ఒక పుస్తకంలో రాయాలి. ఆ ఫోటోల ప్రతులు మూడు చోట్ల ఉంచాలి: ఒకటి ఆ ఇంటివారికి, ఒకటి మన బడి గ్రంథాలయానికి, ఒకటి కడప బ్రౌన్ కేంద్రానికో, తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థకో. చదివే పని మన తెలుగు, సంస్కృతం అయ్యవార్లు చూసుకుంటారు. వారిలో తాళపత్రం లిపి ధారాళంగా చదవగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు గాని, వారి వయసు కూడా మనం లెక్కలోకి తీసుకోవాలి.

ఖర్చు పెద్దగా ఉండదు. ప్రయాణాలకు, రెండు హార్డ్ డిస్కులకు నా వంతు నేను ఇస్తాను. పేర్లు ఇవ్వదలచినవారు సంఘం కార్యదర్శికి కనుమకు ముందే చెప్పండి.